లాభం, రెండు, మూడు

దంతాలపల్లిలో చంద్రయ్య సేటు వడ్ల దుకాణం వెనక పెద్ద వాకిలి ఉండేది. ఆ వాకిట్లో వడ్లు చెరిగేది, కొలిచేది చిలుకమ్మ. సేటు కోడలు కౌసల్య వంటింటి గడపలో మజ్జిగ చిలుకుతూ ఆమెనే చూసేది. కౌసల్య బిడ్డ వనమాలకు నాలుగేళ్లు నిండుతున్నా నోట మాట లేదు. చెవులు బాగానే వినిపిస్తాయి, పిలిస్తే పరుగెత్తుకొస్తుంది, పలకదు. దవాఖానలో చూపించారు, దేవుళ్లకు మొక్కారు. మాట మాత్రం రాలేదు.

అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో బళ్లు మూతపడి, ఊళ్లో పిల్లలంతా ఆ వాకిట్లోనే చేరేవారు. చిలుకమ్మ వాళ్లను కసరలేదు. చాట ఊపుకు తగ్గట్టు పదం అల్లి వాళ్లతో అనిపించేది.

"లాభం – లచ్చిమి గడపల
రెండు – రేగుపండు గంపల
మూడు – ముంత ఇంట్ల
నాలుగు – నక్క తోటల"

వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. అలా అంటేనే ఇంటికి కలిసొస్తుందని నమ్మకం. అందుకే ఆమె పాట కూడా లాభంతోనే మొదలయ్యేది.

"కూలికచ్చినవా, కోలాటానికచ్చినవా చిలుకమ్మా?" అని చంద్రయ్య ఎకసెక్కమాడేవాడు.

"రెండిట్లకు సేటూ. కోలాటానికి కూలి అడుగుతలేను గద!"

ఆమె చూపంతా వనమాల మీదే ఉందని కౌసల్య కనిపెట్టింది. మొదట్లో చిలుకమ్మ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చాటతో పాటు ఊగనిచ్చింది, అంతే. కొలతకొక చింతగింజ పిల్ల చేతికిచ్చి పక్కన పెట్టించేది. తర్వాత తర్వాత చివరి మాట మింగేయడం మొదలుపెట్టింది. "నాలుగు – నక్క…" అని చాటను గాలిలో ఆపేది. మిగతా పిల్లలు అరవబోతే కళ్లతోనే అదిమేది. ఆవు పాలు చేపేదాకా పొదుగు దగ్గర కూర్చునే మనిషిలా ఎదురుచూసేది. పిల్ల పలకకపోతే నొచ్చుకోకుండా తానే అందుకుని ముందుకు సాగేది.

ఇరవై రోజులు అలాగే గడిచాయి. ఒక పొద్దున చాట ఆగింది.

"తోటల" అంది వనమాల.

కౌసల్య చేతిలో కవ్వం జారింది. చిలుకమ్మ మాత్రం ఏమీ జరగనట్టు "ఐదు – ఐరేని కుండల" అని చెరుగుతూనే ఉంది. ఆ రోజు నుంచి తొలకరికి ఉసిళ్లు లేచినట్టు మాటలు లేచాయి. అక్షరం ముఖం చూడని ఈ మనిషికి ఇంత ఒడుపు ఎక్కడిదని కౌసల్య లోలోపల చెయ్యెత్తి మొక్కింది.

మరుసటి జూన్‌లో బడిలో చేర్చుకుంటున్నారు. "మొన్నటిదాక మూగది. సారు వద్దన్నడనుకో, మల్ల ఈ ఇంట్ల బడి మాట ఎత్తొద్దు," అని చంద్రయ్య ముందే తేల్చేశాడు. మామా కోడళ్లు పిల్లను తీసుకుని బయల్దేరితే, పలక పట్టుకుని చిలుకమ్మ కూడా వెంట వెళ్లింది.

బడి ఈడు వచ్చిందో లేదో చూడటానికి పురుషోత్తం సారు వనమాల కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోమన్నాడు. అందింది.

"ఒకట్లు చదువు, బిడ్డా."

"లాభం, రెండు, మూడు, నాలుగు…" పది దాకా గడగడా చదివింది.

సారు పకపకా నవ్వాడు. "ఏం సేటూ, అప్పుడే దుకాణంల కూసుండవెట్టినవా? బడిల లాభం ఉండదు పిల్లా. ఒకటేది?"

తరగతంతా నవ్వింది. వనమాల పెదవులు బిగుసుకున్నాయి.

"ఒకటి అను."

పిల్ల నేల చూపులు చూసింది. పాత మౌనం మళ్లీ వచ్చి బిడ్డ నోరు మూసినట్టనిపించింది కౌసల్యకు.

"నే జెప్పలే? నడువుండ్రి," చంద్రయ్య కండువా దులిపాడు.

మామ ఎదుట ఏనాడూ గొంతు విప్పని కౌసల్య కొంగు సర్దుకుంది. "సారూ, జర ఆగుండ్రి. మాట అడుగకుండ్రి. సుద్దముక్కలు అడుగుండ్రి."

సారు వింతగా చూసి, సుద్దముక్కల డబ్బా కింద పెట్టాడు. "సరే, ఆరియ్యి."

పెదవుల చాటున ఏదో గొణుక్కుంటూ పిల్ల ఆరు తీసి వరసగా పేర్చింది.

"ఇంక మూడు వెడితే?"

"తొమ్మిది."

"అండ్ల నాకు, మీ తాతకు చెరొక్కటి ఇస్తే?"

రెండు ముక్కలు తీసి ఇద్దరికీ ఇచ్చి వచ్చింది. మిగిలినవి చూసి, "ఏడు" అంది.

సారు నవ్వు ఆపాడు. "నూరు దాక వల్లెవేసెటోళ్లున్నరు సేటూ నా దగ్గర. నాలుగు ముక్కలు తెమ్మంటే పిడికెడు దెస్తరు. గిట్ల ఎవరు నేర్పిన్రు?"

కౌసల్య గుమ్మం వైపు చూపించింది. చిలుకమ్మ ముఖం పాలిపోయింది. "తప్పు నాదే సారూ. బడికి పోయే పొల్ల అని యాదికి రాకపాయె. గా ఒకటి ఇప్పుడే నేర్పుత." అక్కడే ఉత్త చేతులు ఊపుతూ మొదలెట్టింది. "ఒకటి – ఒంటె…"

అక్కడ ఆగింది. ఈసారి కావాలని ఆగలేదు. ఒంటెను ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

వనమాల గోడలు చూసింది, పిల్లల్ని చూసింది. "బడిల!" అంది.

తరగతి గొల్లుమంది. చిలుకమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ చిలుకమ్మ పెట్టిన మాటలే తన బిడ్డ నోట విన్న కౌసల్యకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇది బిడ్డ సొంత మాట.

సారు రిజిస్టరు తెరిచి కలం సిరాలో ముంచాడు. "పేరేంది?"

జవాబు చెప్పబోయి చంద్రయ్య నోరు తెరిచాడు.

"వనమాల," అంది వనమాల.

చంద్రయ్య నోరు మూసుకుని, చేతిలోని సుద్దముక్కను జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.