లేవని మెట్టు

పియానో మీద సుహాసిని వేలు మళ్ళీ అదే మెట్టు దగ్గర ఆగింది. సాలమ్మ టీచర్ చేతిలో పెన్సిలు లేచి, ఆ వేలి కణుపు మీద పడింది.

“గోరుతోని లేపాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

“మెట్టు అతుక్కుంటే నన్ను కొడ్తవేంది టీచరమ్మా?”

“మెట్టును కొడ్తే దానికి బుద్ధొస్తదా?”

సుహాసినికి ముప్పై నాలుగేండ్లు. ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా. పొద్దున ఏడింటికి వచ్చి, గంటసేపు పియానో నేర్చుకుని, అటునుంచి అటే ఆఫీసుకు పోతుంది. సాలమ్మకు మిగిలిన శిష్యురాలు ఆమె ఒక్కతే.

పియానో చర్చి వెనుక గదిలో, ఉత్తరపు గోడకు ఆనుకుని ఉంటుంది. నల్లరంగు అంచుల దగ్గర లేచిపోయి చెక్క బయటపడింది. తెల్ల మెట్లు బీడీలు తాగేవాని పండ్లలా పచ్చబడ్డాయి. ఎలుకలు దూరకుండా లోపల ఎండు వేపాకు, చెమ్మ పట్టకుండా బొగ్గుల మూట. ఎనభై ఐదు మెట్లలో ఎనభై నాలుగు మంచివే. నడిమిలో ఎఫ్ అనే మెట్టు ఒక్కటి నొక్కితే దిగుతుంది గాని లేవదు. దిగిన మెట్టు అంచును గోరుతో పట్టి పైకి గీరాలి. గీరీ గీరీ ఆ అంచులో చిక్కుడుగింజంత గుంత పడింది.

నలభై నాలుగేండ్లలో రెండువందల మంది ఆమె దగ్గర నేర్చుకున్నారు. అందరి వేళ్ళకూ ఆ గీరుడు అంటింది. సికింద్రాబాద్‌లో పెండ్లి దగ్గరో, గుంటూరులో చర్చిలోనో ఎవరన్నా వాయిస్తుంటే, ఎఫ్ దగ్గర వేలు ముడుచుకుని లేవడం చూసి తెలిసినవాళ్ళు అడిగేవారు, సాలమ్మ టీచర్ దగ్గర నేర్చుకున్నారా అని. పసరాలకు ముద్ర వేసినట్టు ఆమె వేసిన ముద్ర అది. ఆ మాట ఆమె చెవిన పడ్డ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తినేది.

రాష్ట్రం వచ్చిన మరుసటేడు అవతరణ దినాన నల్లగొండకు పిలిచి శాలువా కప్పారు. చేతికిచ్చిన జ్ఞాపిక మీద వీణ బొమ్మ ఉంది. “గిది నేనెన్నడు ముట్టలే” అని ఆమె మైకు ముందరే అంది. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

ఎనిమిదింటికి సుహాసిని లేచి, చున్నీ సర్దుకుంది. పోకుండా తలుపు దగ్గర నిలబడింది.

“ఇయ్యాల నాలుగింటికి వ్యాను వస్తదట గదా, పియానో తీసుకపోనీకి. నేను ఇంట్ల కీబోర్డు కొనుక్కున్న టీచరమ్మా. దాన్ని గీరే పని లేదు.”

“మరి ఎందుకొచ్చినవ్?”

“చెప్పి పోదామని.”

“చెప్పినవ్ గదా. పో.”

సుహాసిని చెప్పుల చప్పుడు కంకర మీద దూరమయ్యేదాకా సాలమ్మ పెన్సిలు చెక్కుతూ కూర్చుంది. చెక్కేది సగానికి విరిచిన పాత బ్లేడుతో. కిటికీలో పెన్సిళ్ళ పక్కన ఎప్పుడూ ఉంటుంది. పొద్దటినుంచీ ఎడమ జబ్బ లాగుతోంది. నిన్న నీళ్ళ బిందె ఎత్తినందుకే అనుకుంది.

పదింటికి దశరథ్ టేపు పట్టుకుని వచ్చాడు. చర్చి కమిటీ కార్యదర్శి. టెంట్లు, కుర్చీలు, మైకుసెట్లు కిరాయికి ఇస్తాడు. ఆదివారం పూట కీబోర్డు వాయించేది కూడా అతనే. పియానోను హైదరాబాద్ రోడ్డు మీద కొత్తగా కట్టిన రిసార్టు వాళ్ళకు ఇచ్చేద్దామని కమిటీలో ఒప్పించింది అతనే. వాళ్ళు దాన్ని వాయించరట. ముందు గదిలో పెట్టి, మీద పూలకుండీ పెడతారట.

దశరథ్ ఆమెను పలకరించకుండా తలుపు వెడల్పు కొలిచాడు. తర్వాత పియానో వెడల్పు కొలిచాడు. ఒంగినప్పుడు అతని చెయ్యి మెట్ల మీద పడింది. ఎఫ్ దిగింది. చూడకుండానే గోరుతో లేపాడు.

సాలమ్మ చూసింది. తను చూడడం అతనూ చూశాడు.

అతనికి పదిహేడేండ్లప్పుడు లండన్ వాళ్ళ పరీక్షకు సికింద్రాబాద్ తీసుకుపోయింది ఆమే. అది పాసైతే పట్నంలో ఒక బడిలో సంగీతం పంతులు కొలువు ఖాయం. అక్కడి పియానో కొత్తది. ఎఫ్ తనంత తనే లేచింది. లేచిన మెట్టును దశరథ్ గోరు అలవాటుగా గీరబోయి మళ్ళీ నొక్కేసింది. ఒక్కసారి మోగవలసింది రెండుసార్లు మోగింది. పిల్లవాడు బెదిరాడు. తర్వాత పాట మొత్తం చెదిరింది. ఫెయిలయ్యాడు. బస్సులో సాలమ్మ అన్నది ఒకే మాట: “నీ చెయ్యి మొద్దుది.” ఆ మాట బస్సులోంచి ఊరంతా పాకింది. మళ్ళీ ఏ పరీక్షా రాయలేదు అతను.

“టీచరమ్మా, వ్యాను ఇంక బయల్దేరలే” అన్నాడు దశరథ్ టేపు చుడుతూ. “ఒక్క ఫోను కొడ్తే ఆగుతది.”

“అయితే కొట్టు.”

“కొడ్త. ఆదివారం అందరి ముంగట ఒక్క మాట అను. తప్పు దశరథ్ చెయ్యిది కాదు, నా మెట్టుది అను. పియానో గీడ్నే ఉంటది. నువ్వు సచ్చేదాంక ఎవ్వడు ముట్టడు. నేను జమానత్, నాదే పూచి.”

సాలమ్మ పెన్సిలు మొన చూసింది.

“ముప్పై మూడేండ్లాయె. ఇంక గదే మనసుల పెట్టుకున్నవా?”

“నువ్వు పెట్టినవ్, నేను పెట్టుకున్న.”

“నీ చెయ్యి అప్పుడు మొద్దే. ఇప్పుడు మొద్దే.”

“గదే చేత్తోని పద్దెనిమిదేండ్ల సంది ప్రతి ఆదివారం వాయిస్తున్న!”

“అది వాయించుడా? కరెంటు వాయిస్తది. నువ్వు మీట నొక్కుతవ్.”

దశరథ్ మెడ నరం ఉబ్బింది. టేపును జేబులో కుక్కాడు.

“నాలుగింటికి వస్తరు. నీ పుస్తకాలు, నీ పెన్సిళ్ళు తీస్కో. బోడి పెన్సిళ్ళు!”

తలుపు గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది.

సాలమ్మ పాత చీరపేలిక తడిపి మెట్లు తుడవడం మొదలుపెట్టింది. ఎడమ చివరి నుంచి కుడి చివరికి, ఒక్కొక్కటే. ఈ పనితోనే ఆమె పియానో దగ్గరికి వచ్చింది. తండ్రి జానయ్య కేతేపల్లి నుంచి వచ్చి మిషన్ బంగళా ఊడ్చేవాడు. తొమ్మిదేండ్ల సాలమ్మ, అప్పుడు ఆ బంగళాలోనే ఉన్న ఈ పియానో మీది దుమ్ము తుడిచేది. ఒకనాడు మిషన్ దొరసాని దగ్గర లేదని ఎఫ్ నొక్కింది. అది లేవలేదు. లేవని మెట్టు పట్టిచ్చింది. దొరసాని చెవి పిండి, అదే చెవి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టి, గోరుతో ఎట్లా లేపాలో చూపించింది. ఆమెకు వచ్చిన మొదటి పాఠం అది.

తుడుస్తూ ఎఫ్ దగ్గర ఆగింది. సికింద్రాబాద్ నుంచి శ్రుతి చేయడానికి వచ్చే రఘుపతి ఎన్నో ఏండ్ల కింద అన్నాడు: “లోపల ఉన్ని గుడ్డ ఉబ్బింది, అంతే. అయిదు నిమిషాల పని.” ముట్టవద్దని ఆమె అతని చెయ్యి పట్టి ఆపింది. అప్పటికి దశరథ్ ఇంకా పరీక్షకు పోలేదు. అప్పటికి అతను పన్నెండేండ్లవాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె సగం తిని వదిలేసింది. తలుపు గడియ పెట్టింది. పియానో ముందరి పలకలు ఊడదీసి, ఎఫ్ మెట్టును పైకెత్తి, బయటికి గుంజింది. మూరెడు పొడుగు కట్టె. అడుగున రంధ్రం, రంధ్రానికి రెండువైపులా ఎర్రటి ఉన్ని గుడ్డ. కిటికీలోంచి బ్లేడు తీసింది. గీకింది. ఎర్రటి పొట్టు ఒళ్ళో రాలింది. చీర కొంగుతో చెమట తుడుచుకుని మళ్ళీ గీకింది. మెట్టును దాని చోట పెట్టి, పలకలు బిగించింది. బ్లేడు పుస్తకం పెట్టుకునే పలక మీదే మరిచింది.

నొక్కింది. దిగింది. లేచింది.

నిజంగానే అయిదు నిమిషాల పని.

స్టూలు జరుపుకుని, దశరథ్ పరీక్షలో వాయించిన పాటే ఎత్తుకుంది. ఎఫ్ వచ్చింది. మెట్టు లేచింది. లేచిన మెట్టును ఆమె గోరు మళ్ళీ గీరింది. రెండుసార్లు మోగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ రెండుసార్లు మోగింది. మూడోసారి వేలును పండ్ల కింద పెట్టి కొరికి మరీ మొదలుపెట్టింది. ఎక్కడా వంకలేని ఆ చెయ్యి అక్కడికి వచ్చి తడబడింది.

“వారీ, దశరథా” అంది ఖాళీ గదిలో.

జబ్బలో నొప్పి మెడకు పాకింది. ఆమె మెట్ల మీద మూత వేసి, మూత మీద చేతులు పెట్టి, చేతుల మీద తల ఆనించింది.

నాలుగింటికి వ్యాను వచ్చింది. తలుపు ఎంతకూ తీయకపోతే, పక్కింటి గుర్వమ్మ కిటికీలోంచి చూసి, నోరు నొక్కుకుంది. శవం ఉన్న గదిలోంచి సామాను ఎట్లా తీస్తారు? వ్యాను ఉత్తదే పోయింది.

మర్నాడు సమాధికి ముందు దశరథ్ కీబోర్డు తెచ్చి బిగిస్తుంటే గుర్వమ్మ అడ్డం వచ్చింది.

“ఏందయ్యా, గా డబ్బాతోని సాగదోల్తవా ఆమెను? ఆమెది ఆమెకు వాయించు.”

నలుగురూ తలలూపారు. పియానోను తోసుకుని చర్చిలోకి తెచ్చారు. దశరథ్ పండ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆమెను పడుకోబెట్టిన పెట్టె ఎదురుగానే ఉంది. పాట అందుకున్నారు. మూడో పాదంలో ఎఫ్ వచ్చింది. అతని గోరు లేచిన మెట్టును గీరింది. రెండుసార్లు మోగింది.

చెయ్యి ఆగిపోయింది. జనం పియానో లేకుండానే పాడుకుంటూ పోయారు. దశరథ్ ఎఫ్ నొక్కాడు. లేచింది. మళ్ళీ నొక్కాడు. లేచింది. తలెత్తితే, పుస్తకాల పలక మీద సగం బ్లేడు కనిపించింది. తీసి అరచేతిలో పెట్టుకుని, వెలుగుకు తిప్పి చూశాడు. తర్వాత పెట్టె వైపు చూశాడు.

“గిప్పుడా?” అన్నాడు. పక్కన నిలబడ్డ గుర్వమ్మకు ఒక్కదానికే వినపడింది. ఏమీ అర్థం కాలేదు.

సోమవారం వ్యాను మళ్ళీ వచ్చింది. దశరథ్ ఆపలేదు, దగ్గరుండి ఎక్కించనూ లేదు. వెనుక గదిలో, ఉత్తరపు గోడ మీద పియానో ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది. కిటికీలో చెక్కిన పెన్సిళ్ళు అట్లాగే ఉన్నాయి. వాటి పక్కన, ఎవరో జాగ్రత్తగా తెచ్చి పెట్టినట్టు, సగం బ్లేడు. దాని అంచుకు ఎర్రటి ఉన్నిపొట్టు ఇంకా అంటుకునే ఉంది.