రోగి చెప్పిందే రాయాలి

మా ఆస్పత్రిలో నర్సులకి తప్పనిసరి చేసిన ఇంగ్లిషు పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ వినే భాగంలోనే. చెవులు బాగానే ఉన్నాయి, తెలివే కాస్త ఎక్కువైంది.

ఆ భాగంలో ఒక రోగి డాక్టరుతో మాట్లాడుతుంటాడు. హెడ్‌ఫోన్‌లో ఒక్కసారే వినిపిస్తుంది. వింటూ కాగితం మీద ఖాళీలు నింపాలి. "కొంచెం ఆయాసం, అంతే" అంటాడు రోగి. పద్దెనిమిదేళ్ళు వార్డులో చేసిన నర్సుని, "అంతే" అంటే నమ్ముతానా? "గుండె జబ్బు అనుమానం" అని రాసేదాన్ని. సున్నా.

"అమ్మా, మీ వైద్యం ఎవరడిగారు?" అని కోచింగ్ మాస్టారు తల పట్టుకున్నాడు. "రోగి చెప్పిందే రాయండి. మీకు తెలిసింది రాయకండి."

నాకు ఒళ్ళు మండింది. కానీ మూడోసారీ తప్పితే వార్డు నుంచి తీసేసి దుప్పట్ల గదిలో పడేస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు. నోరు మూసుకుని నేర్చుకున్నాను.

ఇంట్లో సాధన చేయించింది మా అక్క. అక్కా, అక్క కూతురూ, నేనూ, ముగ్గురమే ఆ ఇంట్లో. అక్క బట్టలు కుడుతుంది. ఇంగ్లిషు ముక్క రాదు. అయినా రికార్డు ఒక్కసారి వినిపించి, ఫోను ఒళ్ళో దాచేసేది. ఇంకోసారి పెట్టమని బతిమాలితే, "పరీక్షలో మీ అక్క ఉంటుందా?" అనేది. జవాబుల పుస్తకం పక్కన పెట్టుకుని, అక్షరాలు బొమ్మల్లా పోల్చి మార్కులు వేసేది. నెల తిరిగేసరికి నలభై రెండుకి ముప్పై తొమ్మిది వచ్చాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది కోచింగుతోనే పోయింది.

పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక సాయంత్రం, రెండు రికార్డుల మధ్య అక్క మెడ నిమురుకుంది.

"ఎడమ భుజం లాగుతోందే. దవడ దాకా వస్తోంది. వంగి కుట్టడం వల్లేలే."

"అయితే రేపు కుట్టకు. తర్వాతది పెట్టు," అన్నాను.

పెట్టింది. దాంట్లో నాకు నలభై ఒకటి వచ్చాయి. అక్క నుదుటి చెమట తుడుచుకుని, "మా బంగారమే," అంది.

తెల్లారి టీ ఇద్దామని లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది.

గుండె అని చెప్పడానికి నాకు డాక్టరు అక్కర్లేకపోయింది. వార్డులో ఎవరు భుజం, దవడ లాగుతోందన్నా చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. మా అక్క చెప్పింది మాత్రం చెప్పినట్టే నమ్మాను.

పరీక్షకి వెళ్ళాను. పిల్లకి ఇక నేను తప్ప దిక్కు లేదు, వార్డు పోగొట్టుకోలేను. పాసయ్యాను. వినే భాగంలో ఒక్క తప్పూ లేదు. మార్కుల కాగితం చూసి ఏడుస్తుంటే మాస్టారు సంతోషమనుకున్నాడు.

ఆ సాయంత్రం పిల్ల నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. పదిహేడేళ్ళది.

"పిన్నీ, అమ్మకి ముందు రోజు నొప్పేమైనా వచ్చిందా? నాతో ఏం చెప్పలేదు. నీతో ఏమన్నా అందా?"

లేదని చెబితే సరిపోయేది. పిల్ల నమ్మేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"అంది," అన్నాను. "భుజం, దవడ నొప్పిగా ఉందంది. నేను తర్వాతి రికార్డు పెట్టమన్నాను."

పిల్ల మెల్లగా చెయ్యి తీసేసుకుని, వాళ్ళమ్మ కుట్టుమిషన్ ముందుకెళ్ళి, అటు తిరిగి కూర్చుంది.