కోయిలకు పోలిగాడని పేరు

మా తమ్ముడు సోములు కూతురు తాయారు బర్మాలోని రంగూన్ నుంచి, మావాళ్ల మాటలో రంగం నుంచి, వచ్చిన మర్నాడే మా పరువు తీసింది. మామిడిచెట్టులో కోయిల కూస్తుంటే వీధంతా వినబడేలా "పోలిగాడు, పోలిగాడు" అని గెంతింది. పక్కింటి లక్ష్మణమ్మ పడీపడీ నవ్వింది.

నవ్వదూ మరి? పసులపోలిగాడంటే చీపురుపల్లిలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. తోక చీలిన నల్లపిట్ట. మేతకెళ్లిన గేదె వీపెక్కి కూర్చుని, అది అడుగు వేసినప్పుడల్లా గడ్డిలోంచి లేచే పురుగుల్ని పట్టి తింటుంది. పసుల్ని కాసేవాడిలా వాటి వెంటే తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. కోయిల ఏనాడైనా గేదెనెక్కిందా?

మా ఆయన నరసింగరావు హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిట్ట మాట వస్తే ఊరుకోరు కదా. అమెరికాలో కూడా పశువుల వెంట తిరిగే నల్లపిట్ట ఒకటి ఉందనీ, దాన్నక్కడ ఆవుపిట్ట అంటారనీ అన్నాల దగ్గర మొదలుపెట్టారు. అంతటితో ఆపితే బాగుండేది. అది సొంతగూడు కట్టదనీ, దాని పిల్లలు పరాయి గూళ్లలో పెరుగుతాయనీ కూడా చెప్పారు. తాయారు తల్లి, మా మరదలు కూర్మమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేను చూసిన చూపుకి ఆయన మజ్జిగ అడక్కుండానే లేచిపోయారు.

రంగంలో మనవాళ్లకి ఇక బతుకు లేదని తేలిపోయాక, అరవై ఆరులో సోములు పెళ్లాన్నీ పిల్లనీ ఓడెక్కించి మా ఇంటికి పంపేశాడు. తనకి ఇంకా అనుమతి రాలేదట, వచ్చే ఓడలో వస్తాడట.

మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, పిల్ల తప్పులు దిద్దుకోవద్దా అని కూర్మమ్మని కాస్త గట్టిగానే అడిగాను. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు.

"కోయిలని నాకు తెల్దా వదినా? ఆయనే దానికి పోలిగాడని పేరెట్టాడు. మా ఈదిలో పసువుల్లేవు, పోలిగాడూ లేదు. ఆ నల్లపిట్టని సూపించి, మా అప్పకీ నాకూ ఇదే నేస్తం అని కూతురికి సెప్పీవోడు. ఆ మాటన్నప్పుడు ఆయన మొకం సూడాల. నేనెలాగ దిద్దుతాను?"

అప్పంటే అక్క, అంటే నేనే. పుట్టింట్లో గేదెల్ని సోములూ నేనూ కలిసే తోలుకెళ్లేవాళ్లం. పన్నెండో ఏట మా చిన్నాన్నతో ఓడెక్కేదాకా పసుల వెనకే పెరిగినవాడు. వాడికి కోయిలేదో, పోలిగాడేదో తెలియదా? తెలిసే పిలిచాడు. వెధవ, అంత బెంగ పెట్టుకున్నవాడు ఒక్కసారి వచ్చి కనబడితే ఏం పోయింది? మీసాలొచ్చాక వాడెలా ఉంటాడో నేనింతవరకు చూడలేదు. నాకు నా తమ్ముడు కావాలి.

ఓడ వచ్చిందన్న కబురు అందినప్పుడల్లా మా ఆయన విశాఖపట్నం వెళ్లి రేవులో నిలబడేవారు. అరవై ఎనిమిది వేసవిలో, ఈసారి సోములు తప్పకుండా ఉంటాడని ఎవరో చెప్పారు. కూర్మమ్మ ఇల్లు అలికి, ముగ్గేసి, కొత్తచాప పరిచింది. ఎండు చేపల పులుసు వండింది. మా ఆయన ఒక్కరే వచ్చి వీధి గుమ్మంలో చెప్పులు విప్పారు. ఆమె చాప చుట్టేసి, బిందె తీసుకుని నూతికి వెళ్లింది.

తాయారు అరుగు మీద కూర్చుంది. మామిడిలో కోయిల కూసింది. పిల్ల పలకలేదు. ఊరడిద్దామని నేనే, అదిగోనే మీ నాన్న పోలిగాడు అన్నాను.

తాయారు నూతి వైపు చూసింది. తల్లి ఇంకా దూరంగానే ఉందని తేల్చుకుని నా చెవిలో చెప్పింది.

"అది కోయిలత్తా. బళ్లో సేరినప్పుడే తెలిసింది. అమ్మకి సెప్పకు. నాన్నెట్టిన పేరు తీసేత్తే అమ్మ ఏడుస్తాది."

నేను దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

కూర్మమ్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోయిల మళ్లీ కూసింది. తాయారు నా ఒళ్లోంచి దూకి, రంగం నుంచి దిగిన మర్నాడు గెంతినట్టే గెంతి, "అమ్మా, పోలిగాడు" అని అరిచింది. కూర్మమ్మ బిందె దించకుండానే చెట్టు వంక చాలాసేపు చూసింది.

"ఇన్నావా వదినా?" అంది.

"ఇన్నానే. మా తమ్ముడి పోలిగాడే" అన్నాను.