ఆగుతుందని చెప్పిన బండి

ఆ స్టేషన్‌కు స్టేషన్ మాస్టరు లేడు, సిగ్నల్ స్తంభం లేదు. ఒక గది, గదికో కిటికీ, కిటికీ వెనక టికెట్లమ్మే ఆవిడ, అంతే. బండి ఎక్కడెక్కడ ఆగాలో డ్రైవరుకిచ్చే కాగితంలో రాసి ఉంటుంది. అందులో ఈ స్టేషన్ ఉంటే బండి ఆగుతుంది, లేకపోతే గది తలుపులు దడదడలాడించుకుంటూ పోతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆవిడను టికెట్టక్క అనేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళకు కూడా ఆమె అక్కే.

పండగ వస్తే మాత్రం అక్కడ ఇసుక వేస్తే రాలదు. అందరూ పట్నం పోయేవాళ్ళే. ఒక్క కిటికీ దగ్గర తోపులాట, తిట్లు, చిరిగిన చొక్కాలు. టికెట్ దొరకనివాళ్ళు టికెట్ లేకుండానే ఎక్కేసేవారు. ఈ ఏడు టికెట్టక్క పట్టుబట్టి, ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, కావలసినవన్నీ తెప్పించింది. రెండో కిటికీ తెరిచారు. వరసకు తాళ్ళు కట్టారు. పైన గుడారం వేశారు. మంచినీళ్ళ డ్రమ్ము వచ్చింది, మైకు వచ్చింది. అన్నిటికీ మించి, పండగకు వేసిన ప్రత్యేక బండికి ఇక్కడ కూడా టికెట్లివ్వమని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"టికెట్ లేకుండా ఒక్కరు కూడా ఎక్కకూడదమ్మా," అన్నాడు ఆఫీసాయన.

"అలాగేనండి," అంది ఆమె. బండి ఇక్కడ ఆగుతుందా అని అడగలేదు. టికెట్లివ్వమన్న బండి ఆగుతుందా అని ఎవరడుగుతారు?

పండగనాటి పొద్దున వరస గుడారం దాటి రోడ్డు దాకా పాకింది. ముందు నిలబడ్డ తాపీ మేస్త్రి మహా ఉషారుగా ఉన్నాడు.

"నిరుడు ఈ కిటికీ దగ్గరే నా చొక్కా చెయ్యి ఊడిపోయింది అక్కా. ఈసారి నీడ, నీళ్ళు, మైకు. పెళ్ళివారిని చూసినట్టు చూస్తున్నావు మమ్మల్ని."

"పెళ్ళివారు వరసలో నిలబడరు మేస్త్రి గారూ. మీరు నిలబడండి."

వెనక నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యే ఆమె తమ్ముడు తల్లిని నడిపించుకుంటూ వచ్చాడు. తమ్ముడు దర్జీ. పండగ బట్టలు అందరికీ ఇచ్చేసరికి తెల్లవారిపోయింది. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా నిండా దారం ముక్కలు. నేరుగా కిటికీ దగ్గరికి రాబోతే ఎవరో అన్నారు, "అక్క కిటికీ కదా అని దొడ్డిదారిన రాకు నాయనా."

"తమ్ముడైనా తాడు వెనకే," అంది టికెట్టక్క లోపలి నుంచి. అతను నవ్వి వెనక్కి పోయాడు. తల్లి గోడ పక్కన ట్రంకుపెట్టె మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ ఉంది.

తన వంతు వచ్చాక తమ్ముడు కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు. "అమ్మ అంతదూరం నిలబడలేదు అక్కా. అవతలి పక్క నుంచి ఎక్కి సీటు పట్టేస్తాను."

రద్దీ రోజుల్లో అందరూ చేసే పనే అది. ఇంటికొక మగవాడు ముందే పట్టాలు దాటి అవతలి వైపు కంకర మీద నిలబడతాడు. బండి ఆగీ ఆగకముందే అటునుంచి ఎక్కి సీటు మీద తువ్వాలు వేస్తాడు. చేయకూడని పనే. ఎవరు చేసినా టికెట్టక్క తిట్టేది. ఆ పూట తల్లి మోకాళ్ళ వైపు చూసి తిట్టలేకపోయింది.

"బండి పూర్తిగా ఆగాకే చెయ్యి వెయ్యి. తెలిసిందా?"

"ఆగుతుందిగా?"

"ఆగుతుందిరా. ఇందాకటి నుంచి మైకులో గొంతు చించుకుంటుంటే వినపడలేదా?"

"నిద్రమత్తులో ఏం వింటాను. నువ్వు ఆగుతుందన్నావు, చాలు."

బండి కనపడగానే జనం ఒక్కసారిగా లేచారు. మూటలు నెత్తికెక్కాయి, పిల్లలు చంకకెక్కారు. రోజూ ఆగే బండి స్టేషన్‌కు ముందున్న వంతెన దగ్గరికి వచ్చేసరికి బ్రేకులు పడి కీచుమంటుంది. ఆ కీచు లేకపోతే టికెట్టక్కకు ఆ రోజు గడిచినట్టే ఉండదు. ఈ బండి వంతెన మీదికి వచ్చింది. కీచుమనలేదు. కొత్త ఇంజనేమో అనుకుంది ఆమె. అప్పుడు కూత వినిపించింది. ఆగే బండి కూసే పొట్టి కూత కాదు. తప్పుకోమని చెప్పే పొడుగాటి కూత.

ఆమె మైకు అందుకుంది.

"వెనక్కి జరగండి. బండి ఆగడం లేదు. వెనక్కి జరగండి."

పొద్దుటి నుంచీ ఆ గొంతు వెనక్కి జరగండి అంటూనే ఉంది. వెనక్కి జరగమంటే బండి దగ్గరపడిందని అర్థం చేసుకుని జనం ఇంకో అడుగు ముందుకు వేశారు. ముందు వరసలో ఉన్న మేస్త్రికి మాత్రం తెలిసిపోయింది. రెండు చేతులూ చాచి, గోడ కూలకుండా ఆపేవాడిలా, వీపుతో జనాన్ని వెనక్కి తోశాడు. ఒక మూట పట్టాల మీద పడింది. దాని కోసం వంగిన ఆడమనిషిని ఎవరో కొప్పు పట్టి లాగారు.

బండి వచ్చింది. గాలి చెంపదెబ్బలా తగిలింది. గుడారం ఒక మూల ఊడి ఎగిరింది. కిటికీల్లో కూర్చున్నవాళ్ళ మొహాలు ఒకదాని మీద ఒకటి అలికినట్టు పోయాయి. గదిలోంచి పరిగెత్తుకొచ్చిన టికెట్టక్క ఆ మొహాలను చూడలేదు. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో అవతలి వైపు కనపడుతుందేమోనని చూస్తూ ఉంది. ఏ సందూ నిలవలేదు.

"ఇది మన బండి కాదేమో లేవే," అంది తల్లి వెనక నుంచి, తాపీగా. "కంగారుపడకు. మనది వెనకాల వస్తుంది."

చివరి పెట్టె పోయింది.

అవతల సీటు కోసం వెళ్ళినవాళ్ళు కంకర గట్టు కింద పొదల్లో పడి ఉన్నారు. ఒక్కొక్కరే దుమ్ము దులుపుకుంటూ లేస్తున్నారు. తమ్ముడు మాత్రం పట్టాల పక్కనే నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి భుజం ఎత్తున, బండి కడ్డీ అందుకునేవాడిలా, ఇంకా చాచే ఉంది. చొక్కా చెయ్యి మోచేతి దాకా చిరిగింది. తువ్వాలు లేదు.

ఆమె పట్టాలు దాటి అతని రెండు భుజాలూ పట్టుకుంది. "కూత వినపడలేదా?"

"వినపడింది."

"స్పీడుగా వస్తోందని తెలియలేదా?"

"తెలుస్తూనే ఉంది."

"మరి వెనక్కెందుకు పోలేదురా?"

అతను ఆమె వైపు చూశాడు. నిష్ఠూరం ఏమీ లేదు ఆ చూపులో. "ఆగుతుందన్నావుగా అక్కా. వాళ్ళంతా దూకేస్తుంటే పిచ్చివాళ్ళనుకున్నాను. పెట్టెలు పోతున్నా, చివరి పెట్టె దగ్గరైనా ఆగుతుందని చూశాను."

కడ్డీ తగిలిన వేళ్ళు అప్పుడే ఉబ్బుతున్నాయి. కత్తెర పట్టే చెయ్యి అది. నొప్పిగా ఉందా అని అడిగితే, తెలియడం లేదన్నాడు.

గదిలో ఫోను మోగుతూ ఉంది. ఆఫీసాయన.

"మేము టికెట్లు చూసేవాళ్ళమమ్మా. ఎక్కడాగాలో రాసేది వేరేవాళ్ళు. వాళ్ళకు మీ స్టేషన్ సంగతి చెప్పినట్టు లేదు. ఎవరికీ ఏం కాలేదుగా? సరే. మధ్యాహ్నం ఇంకో ప్రత్యేక బండి ఉంది. ఇవే టికెట్లు చెల్లుతాయని మైకులో చెప్పండి. కొత్తగా వచ్చేవాళ్ళకు అమ్మండి."

"అది ఆగుతుందా అండీ?"

"ఆగాలి మరి."

"ఆగాలా, ఆగుతుందా?"

"కనుక్కుంటాను," అని పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

ఆమె బయటికి వచ్చేసరికి జనం మళ్ళీ తాళ్ళ మధ్య వరస కట్టి ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే. కొందరు వణుకుతూనే నవ్వుతున్నారు. మేస్త్రి మాత్రం డ్రమ్ము పక్కన కూలబడి, గ్లాసు పట్టుకుని, తాగడం మరిచిపోయాడు.

"తర్వాతది ఆగుతుందటగా అక్కా?" అన్నాడు వరసలో ముందున్నతను. ఫోను మాటలు కిటికీలోంచి విన్నట్టున్నాడు. "నువ్వు ఒక్క మాట చెప్పు. ఉంటాం."

అన్ని కళ్ళూ ఆమె నోటి వైపే ఉన్నాయి.

"నాకు తెలియదు," అంది ఆమె. "కొన్న టికెట్లు చెల్లుతాయి. కొత్తవాళ్ళకు బండి ఆగాకే టికెట్. అందాకా ఎవరూ గోడ దాటి ముందుకు రావద్దు."

"ఆగాక టికెట్టిస్తే ఎక్కేదెప్పుడు?"

"ఎక్కలేకపోతే ఇంటికి పోదురుగాని."

ఎవరో విసుక్కున్నారు, ఎవరో ఇదేం చోద్యం అన్నారు. ఆమె రెండు కిటికీలూ మూసింది. తమ్ముడి చేతికి తడిగుడ్డ చుట్టి తల్లి పక్కన కూర్చోబెట్టింది. పండగ వద్దు, ఏమీ వద్దు, ఇంటికి పోదాం పదరా అని తల్లి బతిమాలుతూ ఉంది. అతను పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండో బండి వచ్చింది. వంతెన దగ్గర కీచుమంది. మెల్లగా, ఎంతో మెల్లగా వచ్చి ఆగింది. ఎవరూ కదలలేదు. ఇసుక వేస్తే రాలని జనం గోడకంటుకుని బండిని చూస్తూ నిలబడ్డారు. లోపలివాళ్ళు తలలు బయట పెట్టి, "ఎక్కరేం?" అని అడిగారు.

తమ్ముడు లేచాడు. బండి ఎదురుగానే ఉంది.

"ఆగిందా అక్కా?" అని అడిగాడు.

ఆమె అతని ఎడమ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్ళి, ఆ అరచేతిని పెట్టె ఇనుముకు ఆనించి, పైన తన చెయ్యి వేసి అదిమి పట్టుకుంది.