మళ్లీ అదే వేలు

చిలక కొరికితే ఎవరైనా ఏం చేస్తారు? కుళాయి కింద చెయ్యి పెట్టి, సబ్బుతో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకుని డాక్టరు దగ్గరికి పోతారు. అలా చేస్తే మన దర్జీ దర్జీ ఎందుకవుతాడు? కూతురి చూపుడు వేలికి కొత్త గుడ్డ పీలిక బిగించి చుట్టి, ఊడిపోతుందేమోనని దాని అంచు సూదీదారంతో కుట్టేశాడు. పనిమంతుడే, కాదనం. ఆ కట్టు విప్పి ఒకసారి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు మహానుభావుడికి.

భార్య పోయిన దగ్గర్నుంచి కొట్టూ, ఇల్లూ, పిల్లా, చిలకా అన్నీ అతని నెత్తినే పడ్డాయి. చిలక ఆవిడ ముచ్చటపడి పెంచుకున్నది. దాన్ని చూస్తే అతనికి ఒళ్లుమంట, ఎవరికైనా ఇచ్చేద్దామంటే చేతులు రావు. పంజరం జోలికి వెళ్లొద్దని, చువ్వల్లో వేలు పెట్టొద్దని పిల్లకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. పంజరం చుట్టూ తెర కూడా కుట్టాడు. అయినా మళ్లీ అదే వేలు.

పిల్లకు జ్వరం వచ్చాక గానీ కట్టు విప్పలేదు. విప్పితే వేలు రెండింతలు వాచి ఉంది, చీము వాసన గుప్పుమంది. డాక్టరమ్మ తిట్టలేదు. అందుకే అతనికి మరీ భయమేసింది. గాయం చీరి, చీము తీసి, కడిగి మందు పెట్టింది. గాలి ఆడకుండా కుట్టి పారేస్తే లోపల కుళ్లక ఏమవుతుందని మాత్రం అడిగింది.

"ఇంకోసారి కొరికిందంటే ఈ వేలు దక్కడం కష్టం. ఆ పక్షిని ఎవరికైనా ఇచ్చేయండి," అంది.

దర్జీ ఇంటికి వస్తూనే పంజరానికి దుప్పటి చుట్టి, పక్షులమ్మే కొట్టుకు బయల్దేరాడు. పిల్ల అడ్డం వచ్చి పంజరాన్ని వాటేసుకుంది.

"దాని తప్పేం లేదు నాన్నా. వేలు నేనే పెట్టాను."

ఎందుకే అని గద్దిస్తే చెప్పలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని బతిమాలితే చెప్పింది. చిలక కొరికినప్పుడల్లా అమ్మ పరుగున వచ్చి ఒక మాట అనేదట. చిలక ఆ మాట పట్టేసిందట. ఊరికే అడిగితే చచ్చినా అనదట, కొరికాకే అంటుందట.

"అచ్చం అమ్మలాగే అంటుంది. 'అయ్యో నా తల్లీ, నొప్పిగా ఉందా, ఏదీ చూడనీ' అని."

దర్జీ పొద్దస్తమానం కొట్లో మిషను చప్పుడులో ఉండే మనిషి, ఆ మాట అతని చెవిన ఎప్పుడు పడాలి? భార్య గొంతు ఎలా ఉండేదో మరిచిపోతున్నానని చాన్నాళ్లుగా లోపల్లోపల కుమిలిపోతున్నాడు. ఎవరితో చెప్పుకోగలడు?

పిల్లకు మందు తాగించి, అది నిద్రపోయాక పంజరం పట్టుకుని కొట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. దుప్పటి తీసి, చువ్వల మధ్య నుంచి తన చూపుడు వేలు లోపలికి పెట్టాడు. చిలక బెదురుతూ దగ్గరికి వచ్చింది. తల వంచి ముక్కుతో ఆ వేలిని మెల్లగా నిమిరింది.

"కొరకవే," అని బతిమాలాడు దర్జీ. "ఒక్కసారి కొరకవే."