తూర్పు తలాపు

సమాధుల పండుగనాడు మధ్యాహ్నం మగ్దలీనమ్మ ఒక చేత సున్నపు ముంత, ఒక చేత బంతిపూల బుట్ట పట్టుకుని అమీర్‌పేట నుంచి పంజగుట్ట సమాధుల దొడ్డికి నడిచి వచ్చింది. ఏటా చేసే పనే. పెనిమిటి సమాధికి సున్నం కొట్టడం, పూలు పరచడం, పొద్దు గుంకేలోపు కొవ్వొత్తి వెలిగించి కాసేపు ఆయనతో పోట్లాడటం. బతికున్నప్పుడూ ఆయన జవాబు చెప్పేవాడు కాదు, కాబట్టి పెద్ద తేడా ఏమీ లేదు.

ఆయన పేరు క్రీస్తుదాసు. బేగంపేటలో ఒక దొర బంగళాలో ముప్పై ఏళ్లు వంట చేసి, పంతొమ్మిదివందల ముప్పైనాలుగు వానాకాలంలో కన్నుమూశాడు. ఈ ఏడేళ్లుగా ఆమెకు గుర్తు ఒకటే: గేటు పక్కనున్న పెద్ద రాతిగుండు నుంచి సూటిగా పదకొండు అడుగులు.

ఈసారి గుండు లేదు. రోడ్డు కంకర కోసం పగలగొట్టి బండ్లకెత్తారు. గుండే లేనప్పుడు మొదటి అడుగు ఎక్కడ వేయాలి? ఆమె అంచనా మీద నడిచింది. పదకొండో అడుగు ఒక కొత్త నల్లరాతి పలక ముందు ఆగింది. పలక చుట్టూ ఇనుప కటకటాలు, వాటికి తాళం. వెనక్కిపోయి మళ్లీ నడిచింది. మళ్లీ అదే పలక. మూడోసారి కావాలనే కొంచెం పక్కకు నడిచి, ఏదో మట్టిదిబ్బ ముందు కూర్చుని కుంచె సున్నంలో ముంచింది. చెయ్యి లేవలేదు. ఎవరి మొగుడికో సున్నం కొడుతున్నట్టు సిగ్గేసింది.

సమాధులు తవ్వే బుచ్చయ్య చెట్టు కింద పార కడుగుతున్నాడు.

"బుచ్చన్నా, మా ఇంటాయన యాడున్నడు?"

బుచ్చయ్య తలపాగా విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. "గా పలక కిందనే అనుకున్న నేను సుత. తవ్వింది నేనే కద. కమిటీ సార్లొచ్చి గిది జకరయ్య అయ్యగారి సమాధి అన్నరు. చదువుకున్నోల్లు గంత గట్టిగ చెప్తుంటే నాకు నా మీదనే అనుమానమొచ్చిందక్కా."

జకరయ్య అయ్యగారంటే వాళ్ల చర్చి సంఘానికి మొదటి పాస్టరు. ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలప్పుడు పోయాడు. సంఘంలో పేరున్న ఐదుగురికి రాతి పలకలు వేయించాలని కమిటీ తీర్మానించింది. నలుగురు దొరికారు. కొయ్య సిలువలు చెదలు తినేయడంతో అయ్యగారు మాత్రం చాలాకాలం దొరకలేదు.

"మరి నా జాగ?" అంది మగ్దలీనమ్మ. పెనిమిటి పక్కన ఆరడుగులు తనకోసం ఉంచమని ఆనాడే చెప్పిపెట్టుకుంది.

"కటకటాల లోపటికి పోయింది. పెద్దల పక్కన ఇంకెవల్లనీ పెట్టొద్దన్నరు."

చావంటే ఆమెకు భయం లేదు. ఎవరి పక్కనో పడుకోవాలంటేనే భయం.

అప్పుడే కమిటీ కార్యదర్శి జాన్‌బాబు వచ్చాడు. బందరు మనిషి, రైల్వే ఆఫీసులో గుమస్తా. సాయంత్రం పలకను ప్రతిష్ఠించడానికి సికింద్రాబాదు నుంచి పెద్ద పాస్టరుగారు వస్తున్నారన్న హడావుడిలో ఉన్నాడు. అయినా ఆగి, ఓపిగ్గానే చెప్పాడు.

"ఊరికే పెట్టలేదమ్మా. మనందరికీ తలాపు పడమర పెడతారు, లేచినప్పుడు ప్రభువు వచ్చే తూర్పు దిక్కు చూడాలని. పాస్టర్లకు మాత్రం తూర్పున పెడతారు, లేస్తూనే సంఘానికి ఎదురుగా నిలబడాలని. తలాపున పాతిన సిలువ మొదలు తూర్పున మిగిలిన సమాధి ఇక్కడ ఇదొక్కటే. ఇంకేంటి సందేహం?"

మగ్దలీనమ్మకు ఉన్న మతి కూడా పోయింది. చుట్టలు మానమంటే మానకపోతివి అని ఏడేళ్లుగా తాను తిట్టిపోసింది అయ్యగారినా? ఆమె కటకటాలు పట్టుకుని నిలబడింది. తూర్పున తలాపు అనే మాట లోపల ఎక్కడో తగిలి, ఆనాటి వాన గుర్తుకొచ్చింది.

"సారూ, ఆయన పోయిన్నాడు గేటు కాడ మోకాలు లోతు నీల్లు. పెట్టెను ఎనక గోడ కూలిన సందు నుంచి తెచ్చిండ్రు. అటుకెల్లి వచ్చేసరికి దిక్కులు తారుమారైనయి. సగం దించినంక గాని ఎవలూ చూడలె. తాళ్లు జారుతున్నయి, దేవునికి దిక్కులు తెలుసు, దించేయుండ్రి అన్నరు అప్పటి పాస్టరు. తలకాడ తాడు పట్టింది మీరే. అప్పుడే కొత్తగ వచ్చిండ్రు మన సంఘంలకు. మీ తెల్లంగి బురదైతే నేనే ఉతికిచ్చిన."

జాన్‌బాబు తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఆ అంగీ అతనికి గుర్తుంది.

గేటు దగ్గర కారు ఆగింది. పెద్ద పాస్టరుగారు చేమంతుల దండతో వచ్చి పలక ముందు నిలబడ్డారు. వెనక సంఘమంతా నిలబడింది.

"అయ్యగారూ, ఇది జకరయ్యగారి సమాధి కాదండీ," అన్నాడు జాన్‌బాబు. "క్రీస్తుదాసుగారిది. వంట చేసేవారు. ఆయన్ని తిరగేసి దించినవాళ్లలో నేనూ ఉన్నాను. పొరపాటు నాదే."

"మరి జకరయ్యగారెక్కడ?"

అందరూ ఒక్కో మట్టిదిబ్బనూ చూడసాగారు. ఒకాయన గోడవైపు వేలు చూపాడు, ఒకామె వేపచెట్టువైపు చూపింది, బుచ్చయ్య రెండువైపులా చూపాడు. దండ పాస్టరుగారి చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యగారు యాడున్నా లేస్తరు," అంది మగ్దలీనమ్మ. "జర గీ తాళం తీయుండ్రి సారూ."

జాన్‌బాబు తాళం తీశాడు. ఆమె లోపలికి వెళ్లి, పలక పక్కనున్న ఖాళీ నేలను అరికాలితో తడిమి, అక్కడే కూర్చుని కొవ్వొత్తి వెలిగించింది. బుచ్చయ్య కటకటాల దగ్గరకొచ్చి అడిగాడు.

"మరి నీ తలాపు ఎటు పెట్టాలక్కా? అందరి లెక్క పడమరకేనా?"

"తూర్పుకే పెట్టు," అంది ఆమె. "లేవంగనే ఆయన పడమరకు మల్లి నాకు ఈపు చూపిస్తే నేనూకుంటనా?"