ముల్లు నలభై దాటితే

వ్యాను కొన్న మూడో నాడు మొదలైంది ఆ వణుకు. స్పీడు చూపే ముల్లు ముప్పై ఐదు మీద ఉన్నంతసేపు ఏమీ ఉండదు. ముప్పై ఎనిమిదికి స్టీరింగు గుప్పిట్లో పట్టిన పిచ్చుకలాగా చిన్నగా కొట్టుకుంటుంది. నలభై దాటిందంటే ఆ వణుకు మణికట్లలోకి, మోచేతుల్లోకి, అక్కడి నుంచి పళ్లలోకి ఎక్కుతుంది. యాభైలో పోతే ముందున్న రోడ్డు రెండుగా కనిపిస్తుంది. కాలు తీస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

లింబయ్య ఈ సంగతి ఇంట్లో గానీ, బండి ఎక్కేవాళ్లకు గానీ చెప్పలేదు.

అతనిది జానకంపేట పక్క పల్లె. తండ్రి నలభై ఏండ్లు ఎడ్లబండి మీద బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలాడు. ఒక్కనాడు కూడా బండి బోర్లా పడలేదని ఊళ్లో పేరు. తండ్రి పోయిన రెండేండ్లకు లింబయ్య ఎడ్లను, బండిని అమ్మి నిజామాబాదులో ఈ వ్యాను కొన్నాడు. తల్లి సాయవ్వ వద్దనలేదు. బండిని కొన్నవాడు తోలుకుపోతుంటే మాత్రం గడపలో కూర్చుని, అది మలుపు తిరిగేదాకా చూసింది.

నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఉంటూ బోధన్‌లోని ఆడపిల్లల బడికి పోయే పంతులమ్మలు ఆరుగురు ఆ వ్యాను మాట్లాడుకున్నారు. పది గంటలకు బడి గంట. అది చెరుకు కాలం కావడంతో ఫ్యాక్టరీకి పోయే బండ్లు రోడ్డును సగం తినేస్తున్నాయి. బోధన్ దగ్గరైతే బారులు తీరి, నడిచే మనిషి కంటే మెల్లగా కదులుతాయి. ఎడపల్లి దాటాక కాలువ కట్ట మీద పోయే నాలుగు కిలోమీటర్లే కాస్త ఖాళీ. గంట కొట్టకముందు చేరాలంటే అక్కడ యాభైలో పోవాలి. ఆ కట్టకు ఎడమ పక్క కాలువ. గోడ లేదు, రాళ్లు లేవు, మూరెడు గడ్డి, ఆ తర్వాత నీళ్లు.

పెద్ద పంతులమ్మ అనసూయమ్మ ముందు సీట్లో కూర్చునేది. ఎప్పుడు చూసినా మణికట్టు తిప్పి గడియారం చూసుకునేది.

"ఏం లింబయ్యా, ఎడ్లను అమ్మినవంట. ఎడ్ల నడక మాత్రం ఉంచుకున్నవా?"

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. లింబయ్య కాలు నొక్కాడు. నలభై. స్టీరింగు కొట్టుకోవడం మొదలైంది. చేతులు కనపడకుండా ముందుకు వంగాడు. నలభై ఐదు. ఎడమ పక్క నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. అద్దంలో వెనక తలలు లెక్కపెట్టాడు. ఐదు, పక్కన ఒకటి. ఆరు. కట్ట దాటేదాకా ఆ లెక్కే మళ్లీ మళ్లీ.

ఆ భయానికి ఒక ముఖం ఉంది. ఆరేండ్ల కింద లింబయ్య ఒక చెరుకు లారీకి క్లీనరుగా పోయేవాడు. డ్రైవరు పోశన్న నాలుగు దినాలు ఒకటే మాట అన్నాడు. "చెయ్యి కొడుతుందిరా లింబా, స్టీరింగు చెయ్యి కొడుతుంది." ఐదో దినం ఆ స్టీరింగు అతని చేతిలో ఊరికే తిరిగింది, దేనికీ తగలనట్టు. చెరుకు మీద కూర్చున్న లింబయ్య అవతల పొలంలో పడి బతికాడు. పోశన్నను నడుం లోతు నీళ్లలోంచి తీశారు. స్టీరింగు మీది నుంచి అతని వేళ్లు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ వేళ్లను విడదీసిన ఇద్దరిలో లింబయ్య ఒకడు.

వ్యాను కొన్న వారంలోనే నిజామాబాదు బస్టాండు వెనక ఉన్న మెకానిక్కు ముక్తార్ షెడ్డుకు దాన్ని తీసుకుపోయాడు లింబయ్య. ముక్తార్ ముందు చక్రాలను జాకీ మీద లేపి, రెండు చేతులా ఊపి, చెవి పెట్టి విన్నాడు.

"గాలి జర ఎక్కువుండె. తీసిన. ఇగ పో భాయ్."

మర్నాడు కట్ట మీద మళ్లీ అదే. రెండోసారి పోయినప్పుడు లింబయ్య చక్రం పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు గిట్ల నెత్తి మీద కూసుంటే నాకు చెయ్యి ఆడదు. పోయి చాయ్ తాగి రా పో," అన్నాడు ముక్తార్.

చాయ్ తాగి వచ్చేసరికి ముక్తార్ ఎడమ చక్రం ఆఖరి నట్టు పానాతో బిగిస్తున్నాడు. తరువాత తనే వ్యాను ఎక్కి బస్టాండు చుట్టూ తిప్పుకొచ్చాడు. ఆ సందులో ముప్పై కూడా దాటదు.

"బేరింగులు చూసిన, రాడ్లు చూసిన. కసం, బండి సాఫున్నది. వణుకు నీ దిల్‌ల ఉన్నట్టున్నది లింబన్నా."

ఆ మాట పట్టుకుంది అతణ్ని. ఇంటికి పోయి చెంబు నిండా నీళ్లు పోసి, చెయ్యి చాపి పట్టుకున్నాడు. నీళ్లు అంచు దాటి కారాయి. బండి మంచిదే, చెడింది తనేనేమో. పోశన్న భయమే తన చేతుల్లోకి వచ్చి కూర్చుందేమో. అట్లాంటి చేతులు ఆరుగురు ఆడవాళ్లను కట్ట మీద తీసుకుపోతున్నాయి. బండి చెడితే బాగు చేయించుకోవచ్చు. చేతులు చెడితే ఏ షెడ్డుకు పోవాలి?

పొయ్యి దగ్గర కూర్చున్న సాయవ్వ అది చూసింది.

"చేతులేందిరా గట్ల ఒణుకుతున్నయ్?"

"ఏం లేదవ్వా. చలి."

"చలి ఏడున్నది, పొయ్యి కాడ?"

అతను చెంబు కింద పెట్టాడు. సాయవ్వ లేచి ఉప్పు, మిరపకాయలు తీసి కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. తరువాత వాకిట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఆ మర్నాడు వణుకు నలభై దాకా ఆగలేదు. ముప్పై రెండుకే పట్టుకుంది.

అంతకు ముందు అది చేతిని కొట్టేది, ఇప్పుడు గుంజుతోంది. ఎడపల్లి దాటేసరికి లింబయ్య వీపు తడిసింది. కట్ట ఎక్కాక ఇరవై ఎనిమిదిలో నడిపాడు.

"పొద్దున్నే కల్లు కాంపౌండు దిక్కు పోయి వచ్చినవా ఏంది?" అంది అనసూయమ్మ అతని చేతుల వంక చూస్తూ. "నిన్న గంట కొట్టినంక పోయినం. ఇయ్యాల కూడ పోతే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

ఆమె అన్నదానికి కాదు, ఆమె తన చేతులు చూసినందుకు లింబయ్య కాలు నొక్కాడు. నలభై. నలభై ఐదు. స్టీరింగు ఒక మనిషిలా తిరగబడింది. ముందు ఒక చెరుకు బండి, దాన్ని దాటడానికి కుడికి తిప్పాడు, దాటాడు, మళ్లీ ఎడమకు తిప్పాడు. ఆ తిప్పడంలో స్టీరింగు అతని చేతుల్లోంచి జారింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో అతనికి కనిపించింది రోడ్డు కాదు, పోశన్న వేళ్లు.

బ్రేకు మీద నిలబడ్డాడు. వ్యాను గడ్డి మీదికి జారి ఆగింది. అనసూయమ్మ పక్క తలుపులోంచి చూస్తే నేల లేదు. నీళ్లే.

వెనక ఎవరిదో టిఫిను డబ్బా దొర్లి, మూత ఊడి ఆగింది. అందరికంటే చిన్న పంతులమ్మ చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

ఒకరి తరువాత ఒకరు కుడి పక్క నుంచి దిగారు. అందరూ దిగేదాకా లింబయ్య బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు. ఆఖరున అనసూయమ్మ సీట్ల మధ్య నుంచి వెనక్కి జరిగి దిగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎన్ని దినాల సంది ఉన్నది ఇది?"

"పది దినాలమ్మా."

"పది దినాలు. మమ్మల కూసోబెట్టుకొని తోలినవ్, నోరు తెరువలే."

"చెప్తె ఎక్కరని..."

"ఎక్కకపోదుము. పానం మీదికి రాకపోయేది."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు అనుకున్నాడు లింబయ్య.

"రేపు ఎనిమిదిన్నరకు మేం ఎప్పటి జాగలనే ఉంటం. బండి బాగైతే రా. కాకుంటే రాకు. వచ్చి అబద్ధం మాత్రం చెప్పకు."

ఆరుగురూ కట్ట మీద నడిచిపోయారు. వెనక వస్తున్న చెరుకు బండివాడు దిగి, లింబయ్యతో కలిసి వ్యానును రోడ్డు మీదికి తోశాడు.

ఇరవైలో ఇంటికి వచ్చాడు లింబయ్య. వాకిట్లో వ్యాను ఆపి, దిగకుండా అట్లే కూర్చున్నాడు. సాయవ్వ చాటలో బియ్యం పట్టుకుని వచ్చింది.

"ఇంత జల్ది వచ్చినవ్?"

"బండి అమ్మేస్త అవ్వా."

"ఏమైందిరా?"

"ఆరుగురు ఆడోళ్లు కాలువల పడేటోళ్లు. జానెడు దూరంల ఆగింది."

సాయవ్వ చాట కింద పెట్టింది. ఆమె ముఖంలో భయం లేదు. అది చూసి లింబయ్యకు ఆశ్చర్యం వేసింది.

"ఆగింది గద. అది పడదు బిడ్డా. చెప్తే దాని బలం పోతదని చెప్పలే గని, నువ్వు గిట్ల అయితున్నవ్ కాబట్టి చెప్తున్న. దానికి మీ బాపు బండి ఇరుసు సీలలు కట్టిన."

"ఏం కట్టినవ్?"

"సీలలు. బండి అమ్మిననాడు కొన్నోనికి కొత్తయి ఇప్పిచ్చి, పాతయి నేనే ఉంచుకున్న. గీర ఊడకుండ నలభై ఏండ్లు పట్టింది ఆ సీలలే గద. అమాసనాడు ఒకటి కట్టిన. నిన్న రాత్రి నీ చేతులు చూసినంక రెండోది కూడ కట్టిన."

"ఏడ కట్టినవ్ అవ్వా?"

"ఎడమ గీరకే రెండు. కాలువ ఆ దిక్కే ఉంటది గద."

లింబయ్య దిగాడు. మట్టిలో వెల్లకిలా పడుకుని ఎడమ ముందు చక్రం లోపలికి చెయ్యి పోనిచ్చాడు. రోడ్డు బురద గట్టిపడి పెచ్చుగా ఉంది. దాని కింద వేళ్లకు ఒక మూట తగిలింది. దాని పక్కనే మరొకటి. రిమ్ము బెజ్జాల్లోంచి గొంగడి దారం తీసి, పశువుకు పలుపు కట్టినంత గట్టిగా ముడులు వేసి ఉంది. కొడవలి తెచ్చి కోశాడు. పసుపు గుడ్డలో చుట్టిన జానెడేసి ఇనుప సీలలు, తండ్రి చెయ్యి తగిలి నున్నబడ్డవి. రెండూ కలిసి శేరు బరువుకు తక్కువ ఉండవు.

వాటిని చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. అమాస. వ్యాను కొన్న రెండో నాడు. మూడో నాడు వణుకు.

చిన్నప్పుడు జొన్న చేనులో పిట్టలను కొట్టే వడిసెల గుర్తుకొచ్చింది. మెల్లగా తిప్పితే అందులో రాయి ఉన్నట్టే తెలియదు. జోరుగా తిప్పితే భుజం ఊడిపోయేట్టు గుంజుతుంది. ఎడ్ల వెనక మెల్లగా తిరిగే చక్రానికి ఏం కట్టినా ఏం కాదు. ఇది ఎడ్ల వెనక పోయే చక్రం కాదు.

తల్లి మీద కోపం రావాలి. రాలేదు. తన భయం చూసి ఆమె భయపడింది. ఆ భయంతో రెండోది కట్టింది. అంతే.

"మళ్ల కట్టురా," అంది సాయవ్వ. అతని చెయ్యి పట్టుకుంది. "గవి లేకుండ పోవద్దు. నీ కాళ్లు మొక్కుత."

"గట్లనకవ్వా. నువ్వు కూడ ఎక్కు."

"నేనా?"

"సీలలు ఒళ్లె పెట్టుకొని కూసో."

ఆమె అంతవరకు ఆ వ్యాను ఎక్కలేదు. ముందు సీట్లో కూర్చుని, సీలలను కొంగులో మూటగట్టి, రెండు చేతులా పొట్టకు అదుముకుంది. ఎడపల్లి దాటారు. మిట్టమధ్యాహ్నం, కట్ట ఖాళీగా ఉంది. ముప్పై. స్టీరింగులో కదలిక లేదు. ముప్పై ఎనిమిది. నలభై. నలభై ఐదు. యాభై.

స్టీరింగు నిలిచిన నీళ్లలా ఉంది.

"మెల్లగ బిడ్డా, మెల్లగ," అంటోంది సాయవ్వ కండ్లు మూసుకుని. "అయ్యో నా కొడుకా, మెల్లగ."

యాభై ఐదు దాకా పోయి, కట్ట దిగాక ఆపాడు. ఇంజను ఆగింది. కదలని స్టీరింగు మీద అతని చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున కంఠేశ్వర్ పోయే ముందు ముక్తార్ షెడ్డు దగ్గర ఆగాడు. సీల తీసి చూపించాడు. ముక్తార్ దాన్ని ముట్టుకోకుండానే గుర్తుపట్టాడు.

"చూసిన గద ఆనాడు. దారం సడలి ఉండె. నేనే గట్టిగ కట్టిన."

"విప్పి పారేయక కట్టినవా?"

"నీ దేవుని సామాను నేనెట్ల ఇప్పుత లింబన్నా? నా బండికి మా అమ్మ కట్టిన తావీజు నువ్వు ఇప్పుతవా?"

లింబయ్య సీలను గుడ్డలో చుట్టి, రెండోదానితో పాటు తన సీటు కింద పెట్టాడు. తల్లితో అదే ఒప్పందం. బండిలో ఉంటాయి, చక్రానికి కాదు.

ఎనిమిదిన్నరకు ఆరుగురూ ఎప్పటి చోటే నిలబడి ఉన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. అనసూయమ్మ ఒక్కతే తలుపు దాకా వచ్చింది.

"బాగైందా?"

"బాగైందమ్మా. మా అవ్వను కూసోబెట్టుకొని యాభై ఐదు దాక చూసిన."

"ఏముండె?"

"చక్రానికి ఇనుము పట్టుకొని ఉండె. తీసేసిన."

తల్లిని కూర్చోబెట్టుకున్నాడన్న మాట దగ్గరే అనసూయమ్మ మనసు ఆగినట్టుంది. తలుపు తీసి ఎక్కింది. ఆమె ఎక్కాక మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. ఆఖరికి చిన్న పంతులమ్మ.

ఎడపల్లి దాటి కట్ట ఎక్కారు. లింబయ్య అద్దంలో తలలు లెక్కపెట్టాడు. ఐదు, పక్కన ఒకటి. ముల్లు నలభై దాటింది. స్టీరింగు కదల్లేదు. అయినా అతను గుప్పిళ్లు సడలించలేదు.

అనసూయమ్మ ఆ రోజు గడియారం ఒక్కసారి కూడా చూసుకోలేదు. కట్ట దిగేదాకా అతని చేతులనే చూస్తూ కూర్చుంది.